మూడో బోరు ఎందుకు వేయిస్తారు? మనుషుల నిర్ణయాల మీద ప్రయోగం చేయడం ఎలా

రెండు బోర్లు ఫెయిలయ్యాక కూడా రైతు మూడోది ఎందుకు వేయిస్తాడు అని అనంతపురంలో ఎవరినైనా అడిగి చూడండి, జవాబు రెడీగా ఉంటుంది. ఆశ అంటారు, మొండితనం అంటారు, పక్క చేన్లో నీళ్లు పడ్డాయి కదా అంటారు, ఇంత డబ్బు పోశాక ఇప్పుడు వదిలేస్తే ఎట్లా అంటారు. నాలుగూ నిజమే కావచ్చు. కానీ ఏది ఎంతవరకు నిజం అనేది రచ్చబండ మీద వాదించుకుంటే తేలదు. దానికి ప్రయోగం చేయాలి, ఆ ప్రయోగానికి పెద్ద ల్యాబూ, ఖరీదైన మిషన్లూ అక్కర్లేదు. కాగితాలు, కవర్లు, ఓపిక, లెక్క దగ్గర నిజాయితీ ఉంటే డిగ్రీ చదివే పిల్లలు కూడా చేయగలరు. సైకాలజీ, ఎకనామిక్స్, అగ్రికల్చర్, ఎంబీఏ ఏది చదువుతున్నా సరే, మన సీమ జిల్లాల్లో మీ చేత్తో ఒక మంచి ప్రయోగం చేయాలంటే ఎట్లా మొదలుపెట్టాలో ఇక్కడ చెప్తాను.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. రెండు గుంపుల మధ్య తేడా ఒక్కటే ఉండాలి. ఎవరు ఏ గుంపులో పడాలన్నది మీరు కాదు, చీటీ తేల్చాలి.

మొదటి పని: తెలిసిన ప్రయోగాన్నే మళ్లీ చేయండి

కొత్త ఐడియాతో మొదలుపెట్టొద్దు. చాలామంది చేసి, చేసిన ప్రతిచోటా దాదాపు అదే ఫలితం వచ్చిన ప్రయోగం ఒకటి తీసుకోండి. దాంట్లో ఫలితం రాకపోతే మీ పద్ధతిలో లోపం ఎక్కడుందో వెతుక్కోవచ్చు. కొత్తదాంట్లో రాకపోతే ఆలోచనే తప్పా, ప్రశ్న తప్పా, అడిగిన తీరు తప్పా అన్నది చెప్పడం ఎవరి తరమూ కాదు.

దీనికి అన్నిటికంటే అనువైనది యాంకరింగ్, అంటే ముందు కంటపడిన అంకె వైపు మన అంచనా జరిగిపోవడం. ట్వెర్‌స్కీ, కానెమన్ అనే సైకాలజిస్టులు 1974లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంలో దీని గురించి చెప్పారు. అంకెలున్న ఒక చక్రం తిప్పుతారు, అది 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేలా ముందే అమర్చారు, చూసేవాళ్లకు ఆ సంగతి తెలీదు. ఐక్యరాజ్యసమితి సభ్య దేశాల్లో ఆఫ్రికావి ఎంత శాతం, ఈ అంకె కంటే ఎక్కువా తక్కువా అని అడిగి, ఆ తర్వాత సరే మీ అంచనా ఎంత అన్నారు. 10 చూసినవాళ్ల అంచనాలను వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ (మీడియన్) 25, 65 చూసినవాళ్లది 45. ఉత్తి చక్రం చూపించిన అంకె మనుషుల అంచనాను అంత దూరం లాగేసింది. 2014లో 36 చోట్ల, ఆరు వేలమందికి పైగా మనుషులతో పాత ప్రయోగాలు కొన్నిటిని మళ్లీ చేసి చూసినప్పుడు కూడా యాంకరింగ్ గట్టిగా నిలబడింది. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీన్నే చెప్తాను.

మన దగ్గర బెలూం గుహలతో చేయొచ్చు. సగంమందికి ఇచ్చే కాగితం మీద "బెలూం గుహల మొత్తం పొడవు 500 మీటర్ల కంటే ఎక్కువా, తక్కువా?" అని ఉంటుంది, మిగతా సగానికి 500 బదులు 9000. కింద రెండిట్లోనూ ఒకే ప్రశ్న: "మీ అంచనా ఎన్ని మీటర్లు?" ఒక కాగితం మీద మీటర్లు, ఇంకోదాని మీద కిలోమీటర్లు అని రాశారో అయిపోయింది, తేడా ఒకటి కాస్తా రెండవుతుంది. అసలు పొడవు 3,229 మీటర్లు. అయితే కర్నూలు, నంద్యాల వైపు పిల్లలు చాలామంది స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో చూసొచ్చి ఉంటారు కాబట్టి, చివర్లో "ఈ సంగతి మీకు ముందే కచ్చితంగా తెలుసా?" అని అడగండి, తెలుసన్నవాళ్లను లెక్కలోంచి తీసేయాలని ముందే రాసిపెట్టుకోండి. అందరి జవాబులూ వచ్చాక ఎవరిని తీసేద్దామా అని ఆలోచించడం మొదలుపెడితే ఫలితం మీ ఇష్టం వచ్చినట్టు వంగుతుంది.

ఇంకో జాగ్రత్త. ఫస్టియర్ సెక్షన్‌కు 500 కాగితం, సెకండియర్‌కు 9000 కాగితం పంచడం తేలికే, కానీ అట్లా పంచితే మీరు కొలిచింది అంకె ప్రభావమో, క్లాసుల మధ్య తేడానో ఎవరికీ తెలీదు. ఒకే క్లాసులో రెండు కాగితాలూ కలిపేసి పంచాలి. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉండాలి.

రెండో పని: మీ ప్రశ్నను ఒక్క తేడా దాకా కుదించండి

యాంకరింగ్ చేతికి వచ్చాక మీ సొంత ప్రశ్నకు రండి. "రైతులు అప్పులు ఎందుకు చేస్తారు", "యువత ఉద్యోగాన్ని ఎలా ఎంచుకుంటుంది" లాంటివి పుస్తకానికి సరిపోతాయి, ప్రయోగానికి కాదు. ప్రయోగానికి కావాల్సింది రెండు కాగితాలు, వాటి మధ్య ఒక్క తేడా, కొలవగలిగే ఒక జవాబు.

బోరు సంగతే చూద్దాం. మన మనసులో ఉన్న అనుమానం: ఇప్పటికే పెట్టిన డబ్బు తిరిగి రాదని తెలిసినా, పెట్టాం కాబట్టే ఇంకా పెడతాం. ఆర్క్స్, బ్లూమర్ అనే ఇద్దరు 1985లో దీన్ని బాగా చూపించారు. నాటకాల సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి చీటీ పద్ధతిలో డిస్కౌంట్‌తో ఇచ్చారు. చూసే నాటకాలు అవే, సీట్లు అవే, అయినా పూర్తి ధర పెట్టినవాళ్లు సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వచ్చారు.

ఇక మన కాగితం. చాలామంది మొదట రాసేది ఇట్లా ఉంటుంది: ఒకదాంట్లో "మీరు రెండు బోర్లు వేశారు, నీళ్లు పడలేదు", ఇంకోదాంట్లో "మీరు ఇంకా ఒక్క బోరు కూడా వేయలేదు". ఇక్కడ ఆగి ఆలోచించండి. రెండు బోర్లు ఫెయిలయ్యాయంటే డబ్బు పోవడం ఒకటే కాదు, ఆ చేను కింద నీళ్లు లేవేమో అన్న కబురు కూడా అందినట్టే. అంటే తేడాలు రెండు. సరే, రెండు కాగితాల్లోనూ రెండు ఫెయిలైన బోర్లు పెడదాం, ఒకదాంట్లో అవి మీరు వేయించినవి, ఇంకోదాంట్లో చేను అమ్మిన పాత యజమాని వేయించినవి. కొంచెం నయం. కానీ రెండో కాగితంలో మీరు చేను కొన్నారు, అంటే దానికి డబ్బు పెట్టారు, మొదటిదాంట్లో కొనలేదు. కాబట్టి రెండిట్లోనూ కొన్న చేనే ఉండాలి. బోర్లకు లక్షన్నర పోసిన మనిషి దగ్గర ఇప్పుడు డబ్బు తక్కువ ఉంటుంది, అప్పు కూడా ఉంటుందేమో అని చదివేవాళ్లు ఊహించుకుంటారు, కాబట్టి చేతిలో ఎంత ఉందో, అప్పు ఉందో లేదో రెండిట్లోనూ ఒకేలా చెప్పేయాలి. ఇన్ని అయ్యాక మొదటి కాగితం ఇట్లా తయారవుతుంది:

"మీరు నాలుగేళ్ల కిందట నాలుగెకరాల చేను కొన్నారు. కొన్నాక మీరు లక్షన్నర పెట్టి అందులో రెండు బోర్లు వేయించారు. రెండిట్లోనూ నీళ్లు పడలేదు. ఇప్పుడు మీ చేతిలో రెండు లక్షలున్నాయి, అప్పులేం లేవు. ఇంకో బోరుకు లక్ష అవుతుంది. మీ చుట్టుపక్కల ఇట్లాంటి చేన్లలో పది బోర్లు వేస్తే మూడిట్లో నీళ్లు పడుతున్నాయి. వేయిస్తారా, వేయించరా?"

రెండో కాగితంలో రెండో వాక్యం ఒక్కటే మారుతుంది: "మీరు కొనకముందే పాత యజమాని లక్షన్నర పెట్టి అందులో రెండు బోర్లు వేయించి ఉన్నాడు." ఇంతే. మిగతా అక్షరం కూడా మారకూడదు.

"అవకాశం 30 శాతం" అనకుండా "పదిట్లో మూడు" అని రాయడానికి కారణం ఉంది. శాతాల కంటే ఇన్నిట్లో ఇన్ని అని చెప్పినప్పుడు మనుషులు అవకాశాల లెక్కను బాగా చేస్తారని గిగెరెంజర్, హాఫ్రాగే 1995లో చూపించారు. ఇక జియాలజిస్ట్ చూశాడని రాయాలా, కొబ్బరికాయతో నీళ్లు చూసే ఆయన చెప్పాడని రాయాలా అంటే, రెండూ వద్దు. ఆ ఇద్దరిలో ఎవరి మీద ఎవరికి నమ్మకం అన్నది వేరే ప్రయోగం.

నిర్ణయం చెప్పాక ఒక చెక్ ప్రశ్న పెట్టండి: "ఇందాక చెప్పిన దాంట్లో ఆ రెండు బోర్లు ఎవరి డబ్బుతో వేశారు?" తప్పు చెప్పినవాళ్లు ఎక్కువగా ఉంటే మీ కాగితం అర్థం కావట్లేదని లెక్క.

బోర్లు వద్దనుకుంటే ప్రశ్నలకు మన దగ్గర కరువేం లేదు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాల కోసం వంగి వెతుకుతుంటారు. దొరికిన ఒక్కరి ఫోటో పేపర్లో వస్తుంది, దొరకని వాళ్ల సంగతి రాదు. సగంమందికి దొరికిన వార్త ఒక్కటే చదివించి, మిగతా సగానికి అదే వార్తతో పాటు వట్టి చేతులతో పోయినవాళ్ల గురించి ఒక్క వాక్యం కలిపి చదివించి, "మీరైతే కూలి మానుకుని ఎన్ని రోజులు వెతుకుతారు?" అని అడగొచ్చు. ఎవరైనా చేస్తే ఫలితం చూడాలని నాకు నిజంగా ఉంది.

మూడో పని: ఐదారుగురికి చదివి వినిపించండి

అసలు పనికి దిగే ముందు కాగితాన్ని మీ స్నేహితులకు కాకుండా, మీరు ఎవరి దగ్గరికి పోబోతున్నారో అట్లాంటి ఐదారుగురికి ఇవ్వండి. "నీకు అర్థమైంది నీ మాటల్లో చెప్పన్నా" అని వినండి. పుస్తకాల తెలుగు అక్కడికక్కడే బయటపడుతుంది. ఈ పనికి ఒక పూట పడుతుంది, నెల రోజుల శ్రమను కాపాడుతుంది.

చదవడం రానివాళ్లు ఉంటారు. వాళ్లకు మీరు చదివి వినిపిస్తే ఏ కాగితమో మీకు తెలిసిపోతుంది, మీ గొంతులో, చూపులో ఆ తేడా కొంచెమైనా పలుకుతుంది. దానికంటే రెండు కథలనూ ముందే ఒకే మనిషి గొంతుతో, మన యాసలోనే ఫోన్‌లో రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌లో వినిపించడం మంచిది. ఫైళ్లకు పేర్లు కాకుండా నంబర్లు పెట్టండి, అప్పుడు అతను ఏది వింటున్నాడో మీకు కూడా తెలీదు.

నాలుగో పని: ఎంతమంది కావాలి, చీటీలు ఎట్లా

ముప్పైమందిని అడిగి ఊరందరి గురించి చెప్పేయడం మన ప్రాజెక్టుల్లో మామూలైపోయింది, ఇది మానాలి. రెండు గుంపుల సగటుల మధ్య ఒక మోస్తరు తేడా ఉందనుకుంటే, దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలంటే గుంపుకు 64 మంది కావాలి. తేడా చిన్నదైతే గుంపుకు 394 మంది. బోరు లాంటి అవును-కాదు జవాబుల్లో, ఒక గుంపులో 50 శాతం, ఇంకో గుంపులో 65 శాతం "వేయిస్తాం" అంటారని ఊహిస్తే గుంపుకు సుమారు 170 మంది. ఈ లెక్కలన్నీ జీపవర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు. మీ స్థోమతకు 340 మంది ఎక్కువైతే నలుగురు విద్యార్థులు కలిసి ఒకే ప్రయోగం చేయండి. నాలుగు బలహీనమైన ప్రాజెక్టుల కంటే ఒక గట్టిది మేలు.

చీటీల సంగతి: రెండు రకాల కాగితాలూ సమానంగా తీసుకుని, ఆర్ (R) అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో గానీ చీటీలు తీసి గానీ వరస తేల్చి, ఒకేలాంటి కవర్లలో పెట్టి అంటించి, పైన 1 నుంచి 340 దాకా నంబర్లు వేయండి. ఇది ప్రశ్నలు అడగడానికి పోని మనిషి చేయాలి. పొద్దున వచ్చినవాళ్లకు ఒకటి, సాయంత్రం వచ్చినవాళ్లకు ఇంకోటి అన్నది చీటీ కాదు. ఆదోని మార్కెట్ యార్డుకు తెల్లారేసరికి పత్తితో వచ్చే రైతూ, మధ్యాహ్నం తీరిగ్గా వచ్చే రైతూ ఒకటే కాకపోవచ్చు. గూగుల్ ఫారమ్స్ ప్రశ్నల వరసను మారుస్తుందే గానీ, మనుషులను రెండు గుంపులుగా తనంతట తాను విడదీయదు. ఆన్‌లైన్‌లో చేయాలనుకుంటే దానికోసమే ఉన్న జెఎస్‌సైక్ (jsPsych), సైకోపై (PsychoPy) లాంటివి నేర్చుకోండి, సాఫ్ట్‌వేర్ వరకు రెండూ ఫ్రీ.

ఐదో పని: ముందే రాసి తాళం వేయండి

ఏ ప్రశ్న ముఖ్యమైనది, ఏ తేడా వస్తుందని ఊహిస్తున్నారు, ఎంతమందిని అడిగి ఆపుతారు, ఎవరిని తీసేస్తారు, ఏ లెక్క చేస్తారు అన్నవి మొదటి జవాబు రాకముందే రాసి, యాజ్‌ప్రెడిక్టెడ్ (AsPredicted), ఓఎస్‌ఎఫ్ (OSF) అనే వెబ్‌సైట్లలో ఒకదాంట్లో పెట్టేయండి. తేదీ పడిపోతుంది, ఆ తర్వాత మీరు కూడా గుట్టుగా మార్చలేరు.

ఇదేదో ఫార్మాలిటీ అనుకోవద్దు. సిమన్స్, నెల్సన్, సైమన్సన్ 2011లో లెక్కగట్టి చూపించారు: మధ్యలో ఫలితం చూసి ఇంకొందరిని కలపడం, రెండు జవాబుల్లో బాగున్నదాన్ని ఎంచుకోవడం లాంటి చిన్న చిన్న వెసులుబాట్లు నాలుగు కలిస్తే, లేని తేడాను ఉందని చెప్పే ప్రమాదం 5 శాతం నుంచి 60 శాతానికి పోతుంది. 2015లో సైకాలజీలో అచ్చయిన వంద ప్రయోగాలు మళ్లీ చేసి చూస్తే 36 శాతంలోనే తేడా మళ్లీ స్పష్టంగా కనిపించింది. మన రంగం పరువు పోయింది ఇక్కడే, కొత్తగా వచ్చే మీరే దాన్ని నిలబెట్టాలి.

ఆరో పని: మనుషుల దగ్గరికి పోయినప్పుడు

ముందు మీ కాలేజీ లేదా యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చదవండి. ఇంటర్ పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండవు, వాళ్లను అడగాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి. లెక్చరర్ తన క్లాసులోనే కాగితాలు పంచి "ఇష్టముంటేనే రాయండి" అంటే అందులో ఇష్టం ఎంతో మీకూ తెలుసు, కాబట్టి పంచేది వేరేవాళ్లయి ఉండాలి.

ఊళ్లోకి పోతే మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న "యా ఆఫీసు నుంచి వచ్చినారు సార్, లోన్ ఏమన్నా ఇస్తారా?" అన్నది. దానికి స్పష్టంగా జవాబు చెప్పకుండా ముందుకు పోవద్దు. గవర్నమెంటు మనుషులనుకున్నారంటే కష్టాలే చెప్తారు, బ్యాంకు వాళ్లనుకున్నారంటే జాగ్రత్తగా మాట్లాడతారు. "మేం కాలేజీ పిల్లలం పెద్దాయనా, దీనివల్ల మీకు డబ్బులు రావు, నష్టం కూడా లేదు, ఇది పరీక్ష కాదు, వద్దనిపిస్తే మధ్యలో లేచి పోవచ్చు" అని ముందే చెప్పండి. పేరు, ఫోన్ నంబరు, ఆధార్ ఏవీ తీసుకోవద్దు. పంట పోయి, అప్పుల పాలై మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. ఎవరి గొంతైనా మారితే కాగితం పక్కన పెట్టేయండి. ఒక జవాబు తగ్గితే ఏం కాదు.

ఒకరిని అడుగుతుంటే పదిమంది మూగుతారు, "నువ్వేం చెప్తావ్ మామా" అని పక్కనుంచి అందుతుంది, ఆడవాళ్లను అడిగితే భర్త జవాబు చెప్తాడు. అందుకే ఒక్కొక్కరినీ కొంచెం ఎడంగా కూర్చోబెట్టండి. కథ టీకొట్టుకు చేరిందంటే తర్వాత వచ్చేవాళ్లు విని వస్తారు, కాబట్టి ఒక ఊరిని ఒక్క రోజులోనే ముగించండి, నలుగురు కలిసి పోవాలి అనడానికి ఇదీ ఒక కారణం.

తేదీ కూడా రాసుకోండి. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు, కోత తర్వాత ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షలు పెడితే, డబ్బుకు ఇబ్బంది ఉన్న కోతకు ముందు కాలంలో వాళ్ల స్కోర్లు తగ్గాయని 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. మనుషులు అవే, కాలం వేరు. అనంతపురంలో వేరుశనగ విత్తే జూన్, జూలైలో అడిగే జవాబూ, కాయలు అమ్ముకున్నాక అడిగే జవాబూ ఒకటవుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నోటిమాట, చేతి డబ్బు

"వేయిస్తాను" అని కాగితం మీద చెప్పడం వేరు, జేబులోంచి తీయడం వేరు. ఈ విషయంలో మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఉంది. బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లితో పాటు మహారాష్ట్రలోని ఊళ్లలో రైతుల చేత నిజం డబ్బుతో బొమ్మా బొరుసా ఆడించారు. ఇంత ఖాయంగా తీసుకుంటావా, లేక పడితే ఎక్కువ, పడకపోతే తక్కువ వచ్చేదాన్ని ఎంచుకుంటావా అని అర్ధ రూపాయి నుంచి మొదలుపెట్టి యాభై రూపాయల దాకా పెంచుకుంటూ పోయారు, అప్పట్లో అది చిన్న మొత్తం కాదు. ఫలితం 1980లో అచ్చయింది. చిల్లర దగ్గర ఒక్కొక్కరిది ఒక్కో దారి, పందెం పెద్దదయ్యేకొద్దీ ఎక్కువమంది ఒక మోస్తరు జాగ్రత్త వైపుకు వచ్చేశారు, ఆస్తి ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు. మీ బడ్జెట్‌లో ఇరవై, యాభై రూపాయలతో అయినా ఒక నిజం నిర్ణయం చేర్చగలిగితే చేర్చండి. మరీ పెద్ద మొత్తం పెడితే ఇష్టం లేనివాళ్లు కూడా డబ్బుకోసం కూర్చుంటారు, అది కూడా తప్పే.

లెక్క దగ్గర

లెక్కలు చేసే జమోవి (jamovi), జాస్ప్ (JASP), ఆర్ సాఫ్ట్‌వేర్లు మూడూ ఫ్రీ. పరీక్ష బటన్ నొక్కే ముందు జవాబులన్నిటినీ చుక్కల గ్రాఫ్‌గా గీసి చూడండి. బెలూం ప్రయోగంలో ఒకరిద్దరు లక్ష మీటర్లు అని రాస్తారు, సగటు అక్కడికి ఎగిరిపోతుంది, అందుకే మధ్య విలువను చూడాలి.

బోరు ప్రయోగంలో, ఉదాహరణకు, సొంత డబ్బు గుంపులో 170 మందిలో 102 మంది, పాత యజమాని గుంపులో 170 మందిలో 85 మంది "వేయిస్తాం" అన్నారనుకుందాం. 60 శాతం, 50 శాతం. తేడా పది శాతం అని సంబరపడిపోయే ముందు దాని చుట్టూ ఉన్న అనిశ్చితి చూడండి: 95 శాతం అంతరం (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అసలు తేడా ఎక్కడుండొచ్చో లెక్క చెప్పే పరిధి) సున్నాకు కాస్త కింద నుంచి ఇరవై దాకా ఉంటుంది. అంటే తేడా ఏమీ లేకపోవచ్చు, చాలా పెద్దదీ కావచ్చు. రిపోర్టులో అట్లాగే రాయాలి. తేడా రాకపోయినా రాయాలి, ఎంతమందిని ఎందుకు తీసేశారో కూడా రాయాలి. ఫలితం రాలేదని మార్కులు తగ్గించే గైడ్ ఎదురైతే మీరు ముందే రాసి తాళం వేసిన కాగితం చూపించి, పద్ధతి చూడండి సార్ అని మర్యాదగానే అడగండి.

"తెలుగువాళ్లు ఇట్లా ఆలోచిస్తారు" అని మాత్రం రాయొద్దు. అమెరికా, యూరప్ కాలేజీ పిల్లలను పరీక్షించి మనుషులందరూ ఇంతే అన్నారని 2010లో హెన్రిక్, ఆయన తోటివాళ్లు గట్టిగా విమర్శించారు. కళ్యాణదుర్గం దగ్గర నాలుగు ఊళ్లను చూసి రాష్ట్రం మొత్తానికి అంటగడితే మనం చేసేదీ అదే.

మొదటి ప్రయోగం అయ్యాక, పేర్లు లేని జవాబుల ఫైలు, రెండు కాగితాలు, రికార్డింగులు ఓఎస్‌ఎఫ్‌లో పెట్టండి, కర్నూల్లోనో కడపలోనో ఇంకొకరు మళ్లీ చేసి చూడగలగాలి. తర్వాతి ప్రయోగానికి మూడో కాగితం ఇప్పటికే మీ చేతిలో ఉంది: బోరు పాయింట్ రైతే చూపించాడు, డబ్బు మాత్రం గవర్నమెంటు పథకం పెట్టింది. పోయింది తన డబ్బు కాదు, కానీ ఎంచుకున్నది తనే. ఈ గుంపు సొంత డబ్బు గుంపులా జవాబిస్తే, మూడో బోరు వైపు లాగుతున్నది పోయిన డబ్బు కంటే తన మాట తప్పు కాకూడదన్న పట్టుదల అయి ఉండొచ్చు. పాత యజమాని గుంపులా జవాబిస్తే డబ్బే. మూడు గుంపులకు కలిపి 510 మంది కావాలి, కాబట్టి ఇంకో ఇద్దరిని జతచేసుకోండి.